చివరి అయిదు మీటర్లు మనవే

“మీది ఏ ఊరు?” అని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి ఒక్క క్షణం ఆగి జవాబు చెబుతాం. అమ్మానాన్నల బదిలీతో పాటు మన బడి, వీధి, స్నేహితులు అన్నీ మారిపోతాయి. ఒక ఊరి దారులు బాగా తెలిసే సమయానికి సామాను లారీ ఎక్కేస్తుంది. అందుకే గోల్‌మురిలో ఉంటున్న మేం నలుగురం ఈసారి ముందే మేలుకున్నాం. ఆదివారాలు సైకిళ్ళ మీద జంషెడ్‌పూర్ చుట్టుపక్కల మట్టి దారులు తిరుగుతూ జియోకాషింగ్ ఆడుతున్నాం. సంక్రాంతికి ఇంట్లో ఇచ్చిన డబ్బులు కలిపి, చేతిలో పట్టే జీపీఎస్ పరికరం ఒకటి కొందామనుకున్నాం. ఏది కొనాలన్న దగ్గర పెద్ద వాదనే జరిగింది. చివరికి మేం తేల్చుకున్నది ఇది: ఖరీదైనది వద్దు, చిన్నదే చాలు.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఒకరు చిన్న డబ్బాలో ఒక నోటు పుస్తకం పెట్టి ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. మిగతావాళ్ళు వెతికి, పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెడతారు. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వం ప్రజలకు అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది. దానివల్ల 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ పని ఆపేసింది. వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను దాచి, అది ఉన్న చోటును అందరికీ తెలియజేశారు. ఆట అలా మొదలైంది.

“ఇంట్లో ఫోన్ ఉండగా ఇదెందుకు? చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టుంది” అన్నారు మా ఇళ్ళల్లో. ఆ మాటలో నిజం ఉంది. ఫోన్‌లోనూ జీపీఎస్ ఉంటుంది. మ్యాపు ముందే దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. సాక్చీ బజారులో తిరగడానికి అది చాలు. డిమ్నా చెరువు వైపు గతుకుల దారిలో, వానలో, అది చాలదు. తడి వేళ్ళకు టచ్ స్క్రీన్ సరిగ్గా పలకదు. మిట్ట మధ్యాహ్నం ఎండలో బొమ్మ కనబడదు. పైగా అది నాన్నగారి ఫోన్. సైకిల్ హ్యాండిల్ నుంచి జారి రాళ్ళ మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు!

మరి పరికరాల్లో పెద్దదా, చిన్నదా? మాలో ఇద్దరు పెద్ద టచ్ స్క్రీన్, రంగుల మ్యాపు ఉన్నది కావాలన్నారు. మిగతా ఇద్దరం బటన్లది కావాలన్నాం. దారి మీద కళ్ళు పెట్టి బొటనవేలితో నొక్కగలిగేది బటన్ ఒక్కటే. ఇంకో సంగతి బ్యాటరీ. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు రెండింటితో నడిచే పరికరాలు ఉన్నాయి. సెల్లు అయిపోతే ఊరి చివరి కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. అయితే గతుకుల్లో సెల్లు కదిలి పరికరం ఆగిపోవచ్చు కాబట్టి, మూత కింద మడిచిన కాగితం ముక్క పెట్టుకోవాలి. హ్యాండిల్‌కు బిగించినా మెడతాడు కూడా కట్టాలి.

చవక పరికరాల్లో చాలావాటికి అయస్కాంత దిక్సూచి ఉండదు. మనం కదులుతుంటేనే బాణం సరైన దిక్కు చూపుతుంది, ఆగితే తికమకపడుతుంది. అదొక లోపమే. కానీ దిక్సూచి ఉన్నా ఇనుము దగ్గరకు వెళితే తప్పు చూపుతుంది. మనది ఉక్కు నగరం, మన సైకిలూ ఇనుమే! ఆకాశం బాగా కనబడే చోట పరికరం మనల్ని సుమారు అయిదు మీటర్ల దగ్గరకు చేరుస్తుంది. సాల వృక్షాల కింద తేడా ఇంకా పెరుగుతుంది. ఆ చివరి అయిదు మీటర్లు ఎంత డబ్బు పోసినా కొనలేం. అక్కడ సైకిల్ దిగి, కళ్ళతో వెతకాల్సిందే.

పరికరం కన్నా మన బుర్రే ముఖ్యమని మాకు ఒకసారి గట్టిగానే తెలిసింది. 22 డిగ్రీల 48.5 నిమిషాలను మేం 22.485 డిగ్రీలుగా నొక్కాం. డబ్బా దక్షిణంగా 36 కిలోమీటర్ల దూరంలో ఉందని బాణం చూపించింది! డిగ్రీకి అరవై నిమిషాలన్న లెక్కల పాఠం ఆ రోజు బాగా వంటబట్టింది.

కొనేముందు ఇంకో జాగ్రత్త. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలను మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు. సంకేతాలు అందుకునేది మాత్రమే ఎంచుకోవాలి. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి మొదటి ఉపగ్రహం వెళ్ళిన మన నావిక్ సంకేతాలను కూడా అందుకునేదైతే మరీ మంచిది. ఇక దల్మా అభయారణ్యం ఏనుగుల ఇల్లు. అక్కడ డబ్బాలు దాచే ఆలోచనే వద్దు.

చివరగా అసలు మాట. పరీక్షలయ్యాక మాలో ఒకడు వెళ్ళిపోతున్నాడు, వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. పరికరం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. వాడే చెప్పాడు, “ఇక్కడే ఉంచండి” అని. దాచిన డబ్బాను దగ్గరుండి చూసుకునేవాళ్ళు ఉండాలన్నది ఈ ఆట నియమం. ఊరు వదిలేవాళ్ళు దాన్ని మరొకరికి అప్పగించి వెళ్ళాలి. మా క్వార్టర్స్ దగ్గర, పెద్దల అనుమతితో, కానుగ చెట్టు మొదట్లో వాడు పెట్టిన డబ్బాను ఇప్పుడు మేం ముగ్గురం చూసుకుంటాం. పరికరం గోల్‌మురిలో ఉంటుంది. రెండు వరుసల అంకెలు వాడి డైరీలో వెళతాయి.

వచ్చే ఏడాది మన బడిలో కొత్తగా చేరేవారికి మా మనవి: వచ్చి పరికరం అడగండి, ఇస్తాం. డబ్బా దొరికాక పుస్తకంలో మీ పేరు రాయండి. ఎప్పుడో ఒకనాడు వాడు తిరిగి వస్తే, తన పేరు కింద ఎన్ని పేర్లు చేరాయో చూసుకోవాలి కదా!