మార్కెట్ సెస్సులో పరిశోధనకు వాటా ఉండాలి

కోయిలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ మండలాల నల్లరేగడిలో సంక్రాంతి దాటాక పప్పుశనగ కోతలు ఊపందుకుంటాయి. ఎక్కువగా వేసే రకాల్లో మొక్క గుబురుగా, నేలబారున పరుచుకుంటుంది. కాయలు మట్టికి ఆనేంత కిందనుంచే మొదలవుతాయి కాబట్టి కూలీలు నడుం వంచి చేత్తో పీకాల్సిందే. అదీ మంచు ఆరకముందే చేయాలి, ఎండెక్కితే కాయ రాలిపోతుంది. ఆకుల మీద ఊరే పులుపు వేళ్లసందుల్లో చేరి చర్మాన్ని కొరుకుతుంది. ఆ మంట భరిస్తూ పని చేసేది ఎక్కువగా ఆడకూలీలు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రం తయారుచేసిన ఎన్‌బీఈజీ 47 రకం, రైతుల నోట ‘ధీర’, ఇలా పరుచుకోదు, నిటారుగా పెరుగుతుంది. తొలి కాయ నేలకు జానెడు పైన పడుతుంది. కోతయంత్రం బ్లేడు దాని కిందుగా సాగిపోతుంది. మనుషులు రెండు మూడు రోజులు కోసే హెక్టారు చేను గంటన్నరలోపే అయిపోతుంది. వి. జయలక్ష్మి వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన పని ఇది. ఆ పని ఏళ్ల తరబడి సాగడానికి వీలు కల్పించింది మాత్రం ప్రభుత్వమూ, దాని చట్టాలూ. ఆ చట్టాల్లో నిధుల భద్రతకు సంబంధించినవి ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. వాటిని ఇప్పటి పద్ధతిలో, రాష్ట్రస్థాయిలోనే తిరిగి నిలబెట్టుకోవచ్చన్నది నా వాదన.

నంద్యాల పొలం 1906లో మొదలైంది. 1929లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ పరిశోధనా మండలి నేటి ఐసీఏఆర్. 1963 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ చట్టంతో పరిశోధన, బోధన, విస్తరణ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఆ విశ్వవిద్యాలయమే ఇవాళ ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో నడుస్తోంది. అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకాల్లో ఖర్చులో 75 శాతం ఐసీఏఆర్, 25 శాతం రాష్ట్రం భరించాలన్న ఏర్పాటు ఉంది. నంద్యాలలో తయారైన శనగ వంగడాన్ని మరో రాష్ట్రపు కేంద్రంలో, అక్కడి వంగడాన్ని ఇక్కడ పరీక్షించడం ఆ పథకాల వల్లే సాధ్యమైంది. 1966 విత్తన చట్టం రకాలను నోటిఫై చేసే, ధ్రువీకరించే పద్ధతిని తెచ్చింది. ఈ గొలుసు ఎంత పని చేసిందో చూడాలంటే జేజీ 11 చాలు. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి తయారుచేసిన ఆ రకం 1999లో విడుదలైంది. తర్వాతి పదేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శనగ దిగుబడి రెట్టింపు దాటింది, మొత్తం ఉత్పత్తి సుమారు తొమ్మిది రెట్లయింది. జబల్పూరు నుంచి వచ్చిన వంగడం కర్నూలు, ప్రకాశం జిల్లాల రేగడిని నింపిందంటే ఆ గొలుసులో ప్రతి కొక్కీ ప్రభుత్వం వేసిందే.

పరిశోధన ప్రైవేటు కంపెనీలకు వదిలేస్తే చాలదా అని అడిగేవారున్నారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పత్తి విత్తనోత్పత్తి చూసినవారికి ఆ ప్రశ్న సహజంగానే వస్తుంది. పత్తిలో హైబ్రిడ్ ఉంది. రైతు ఏటేటా కొత్త ప్యాకెట్ కొనక తప్పదు కాబట్టి కంపెనీకి పరిశోధన గిట్టుబాటవుతుంది. శనగ సంగతి వేరు. అది తనలో తానే పరాగసంపర్కం జరుపుకునే పంట. రైతు నిరుడు పండినదాంట్లోంచే మంచి గింజ ఏరి, వచ్చే అక్టోబరుకు దాచుకుంటాడు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఆ హక్కును స్పష్టంగా గుర్తించింది. బ్రాండు పేరు పెట్టి అమ్మనంతవరకు విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రైతుకు అది ఎంత మేలో, అదే కారణంగా ప్రైవేటు పెట్టుబడి శనగవైపు, కొర్రవైపు తొంగిచూడదు. ఆ హక్కు ఇచ్చిన రాజ్యమే ఆ పంటల పరిశోధన భారమూ మోయాలి. పత్తిలో కూడా కంపెనీని ఒంటరిగా వదలలేదన్నది గుర్తుపెట్టుకోవాలి. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చాక ప్యాకెట్ ధర పదహారు వందలు దాటింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వమే గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కెక్కి పోరాడి, దాన్ని 750 రూపాయలకు దింపింది. మరుసటేడు పత్తి విత్తనాల ధరలపై సొంత చట్టమే తెచ్చుకుంది. రాష్ట్రం తలచుకుంటే ఏం చేయగలదో చెప్పే ఉదంతం అది.

ఇక డబ్బు సంగతి. పరిశోధనకు డబ్బు ఎంత అనేదానికన్నా, అది వచ్చే ఏడాదీ వస్తుందా అనేదే పెద్ద ప్రశ్న. సంకరం చేసిన నాటి నుంచి రకం విడుదలయ్యే దాకా పది పన్నెండేళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క రబీలో నిధులాగి, తరాల వారీ ఎంపిక తప్పిపోతే ఆ ఏడాది పని పోతుంది. ఒక్కోసారి అంతకుముందు చేసిందీ పోతుంది. బ్రిటిష్‌వారి పాలనలోనే ఈ విషయం గ్రహించారు. 1923లో పత్తి సెస్సు చట్టం తెచ్చి, బేలుకు ఇన్ని అణాలని వసూలు చేసి, ఆ డబ్బును కేంద్ర పత్తి కమిటీ చేతికిచ్చారు. నంద్యాల పరిసరాల పత్తి ‘నార్తర్న్స్’ పేరుతో వర్తకమైన రోజులవి. 1940లో మరో చట్టం, వ్యవసాయ ఎగుమతుల మీద అర శాతం సుంకం వేసి పరిశోధనా మండలికి చేర్చింది. రైతు పండించిన సరుకే, రైతు పొలానికి కావలసిన పరిశోధనకు పెట్టుబడి అన్న సూత్రం అది. స్వతంత్రం వచ్చాక కూడా కొనసాగిన ఆ 1940 చట్టాన్ని 2006లో పార్లమెంటు రద్దు చేసింది. వసూళ్ల ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ, బడ్జెట్ నుంచి నేరుగా ఇస్తే పోతుంది కదా అన్నది అప్పటి ఆలోచనాధోరణి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ బడ్జెట్ కేటాయింపు ఏటా కొత్తగా అడుక్కోవలసినది. సెస్సు అడుక్కోకుండా దక్కేది.

అయితే సెస్సు వేసినంత మాత్రాన పనవుతుందనీ అనుకోకూడదు. 1986లో విదేశీ సాంకేతిక పరిజ్ఞానం కొనుగోళ్ల మీద ఐదు శాతం పరిశోధన, అభివృద్ధి సెస్సు వేశారు. దేశీయ పరిజ్ఞానాన్ని పెంచడానికే దాన్ని వాడాలన్నది లక్ష్యం. వసూలైన వేల కోట్లలో పదో వంతు కూడా ఆ పనికి చేరలేదని కాగ్ తేల్చింది. 2017లో ఆ సెస్సూ పోయింది. వసూలు చేయమన్న చట్టం, ఖర్చు చేసి తీరాలని గట్టిగా రాయకపోవడమే అక్కడ లోపం. డబ్బు సంచిత నిధిలో కలిసిపోయాక ఏ రూపాయి ఎక్కడిదో ఎవరికి గుర్తుంటుంది? 2023లో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టాన్ని నేను స్వాగతిస్తాను. పరిశోధనకు దేశ స్థూల ఉత్పత్తిలో 0.64 శాతమే ఖర్చు పెడుతున్న మనకు అలాంటి సంస్థ ఎంతో అవసరం. కానీ ఐదేళ్లకు ప్రకటించిన 50 వేల కోట్లలో ప్రభుత్వం ఇస్తామన్నది 14 వేల కోట్లు. మిగతాది పరిశ్రమల నుంచి, దాతల నుంచి రావాలి. శనగలో వేరుకుళ్లు తెగులు మీద పదేళ్ల పని చేయడానికి ఏ పరిశ్రమ డబ్బిస్తుంది? లాభాపేక్ష ఉన్నవారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. వారు రాని చోటును చట్టం ముందే గుర్తించి ఉండాల్సింది.

మన శనగకు మార్కెట్లో పోటీ ఇస్తున్న దేశం ఆస్ట్రేలియా. అక్కడి దేశీశనగ ఓడలెక్కి మన రేవులకు వస్తుంది. ఆ శనగ వెనక 1989 నాటి ఒక చట్టం ఉంది. పండించిన గింజలు అమ్మినప్పుడు రైతు విలువలో దాదాపు ఒక శాతం సుంకం కడతాడు. అది గింజల పరిశోధన, అభివృద్ధి కార్పొరేషన్‌కు పోతుంది. మొత్తం పంట విలువలో అర శాతం దాకా ప్రభుత్వం తన వంతు జోడిస్తుంది. అక్కడి శనగ రకాలు చాలావరకు ఆ డబ్బుతో పుట్టినవే. సుంకం కట్టిన రైతులకు ఆ డబ్బు దేనికి వాడాలో చెప్పే అవకాశమూ ఉంటుంది. మన దగ్గర కూడా ఒక శాతం ఉంది. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీలు సరుకు విలువ మీద ఒక శాతం ఫీజు వసూలు చేస్తాయి. కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల యార్డులన్నిటికీ వర్తించే నిబంధన అది. చట్టం ప్రకారం కట్టేది కొనుగోలుదారే అయినా, ధర కట్టేటప్పుడు వర్తకుడు దాన్ని మనసులో లెక్కేసుకుంటాడన్నది యార్డులో అందరికీ తెలిసిందే. రెండు దేశాల్లోనూ రేటు దాదాపు ఒకటే. అక్కడ అది పొలానికి విత్తనమై తిరిగొస్తుంటే, ఇక్కడ పరిశోధనకు ఇంత అని చట్టంలో రాసిపెట్టిన వాటా లేదు. అందులో పదో వంతును, అంటే రూపాయి ఫీజులో పది పైసలను, ఏ పంట మీద వసూలైందో ఆ పంట మీద పనిచేసే పరిశోధనా కేంద్రానికి నేరుగా జమ చేయాలని చట్టంలో రాయాలి. ఖజానాలో కలవకుండా, విడి ఖాతాలో, ఏడాది చివర మిగిలినా వెనక్కి పోకుండా.

మార్కెట్ ఫీజు గోదాములకు, లింకు రోడ్లకు, యార్డుల్లో వసతులకు కదా అంటారు. తొంభై పైసలు వాటికే మిగులుతాయి. ఇలా ఒక్కో పనికీ డబ్బు కట్టేస్తే శాసనసభ చేతులు కట్టేసినట్టే అన్న ఆర్థికవేత్తల అభ్యంతరం ఇంకాస్త బరువైనది. చాలా విషయాల్లో నేను దాన్ని ఒప్పుకుంటాను. పరిశోధన ఆ కోవలోకి రాదు. ఫలితం కనిపించేసరికి రెండు ప్రభుత్వాలు మారిపోయే పనిని ఏటేటా రాజకీయ ప్రాధాన్యాలతో పోటీకి దింపితే, అది ఓడిపోవడం ఖాయం. కొర్రనే చూడండి. వరి, పత్తి, శనగ ముందు కొర్రను పట్టించుకున్నవారు లేని కాలంలో కూడా నంద్యాల కేంద్రం దాని మీద పని ఆపలేదు. ఎస్ఐఏ 3085, సూర్యనంది వంటి రకాలు అలా వచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించి, బజారులో కొర్రబియ్యానికి గిరాకీ పెరిగిన నాటికి విత్తనం సిద్ధంగా ఉంది. గిరాకీ చూశాక పని మొదలుపెట్టి ఉంటే ఇంకో దశాబ్దం వేచి ఉండాల్సి వచ్చేది.

ధర పడిపోతే దిగుబడి పెరిగి ఏం లాభం అన్నది మరో ప్రశ్న. అది రైతులు అడిగే ప్రశ్న కాబట్టి తేలిగ్గా తీసుకోలేం. పదేళ్ల కిందట కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో శనగ బస్తాలు ధర కోసం శీతల గిడ్డంగుల్లో నెలలకు నెలలు మూలిగాయి. 2024లో కేంద్రం దేశీశనగ దిగుమతి సుంకం ఎత్తేసింది. ఇవి వాణిజ్య విధానం చేసిన గాయాలు. వాటికి మందు సుంకాల్లో, మద్దతు ధర కొనుగోళ్లలో వెతకాలి. పరిశోధన చేయగలిగింది ఎకరా ఖర్చు తగ్గించడం. ధర పడిన ఏడాది కూలి ఖర్చు సగానికి తగ్గిన రైతు నష్టం తక్కువతో బయటపడతాడు. ధీర చేస్తున్నది అదే. కూలీల ఉపాధి పోదా అన్న ఆందోళనలో న్యాయముంది. కోత వారాల్లో మనుషులు దొరకక గింజ చేలోనే రాలిపోతున్న మాటా నిజమే. యంత్రం వచ్చిన చోట కూలీలకు వేరే పని చూపే బాధ్యత ఉపాధి పథకాలది.

డబ్బు తర్వాత భూమి. కొన్నేళ్ల కిందట నంద్యాల పరిశోధనా కేంద్రం పొలంలోంచి 50 ఎకరాలను వైద్య కళాశాలకు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు రైతులు, రైతు సంఘాలు రోడ్డెక్కారు. వ్యవహారం హైకోర్టుకు చేరింది. వైద్య కళాశాల అక్కర్లేదని ఎవరూ అనలేదు, నేనూ అనను. నంద్యాలకు అది ఎప్పుడో రావాల్సింది. కానీ కళాశాలను ఏ స్థలంలోనైనా కట్టవచ్చు. దశాబ్దాలుగా ఏ మడిలో ఏ ఎరువు వేశారో, ఏ పంట తర్వాత ఏ పంట వేశారో రాసిపెట్టిన పొలాన్ని మరోచోట కొనలేం. ప్రయోగశాలలో పరికరం పాడైతే కొత్తది తెప్పిస్తారు. ఇక్కడ పరికరమే ఆ నేల. అలాంటి భూమిని ఒక్క జీవోతో వేరే అవసరానికి మళ్లించగలగడం మన చట్టంలోని ఖాళీ. పరిశోధనా కేంద్రాల భూమిని శాసనసభ తీర్మానం లేకుండా, అదీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల లిఖితపూర్వక అభిప్రాయం సభ ముందు పెట్టాకే తప్ప, బదలాయించరాదని 1963 నాటి విశ్వవిద్యాలయ చట్టంలో చేర్చాలి.

వీటికి కొత్త సంస్థ అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అంతకన్నా అక్కర్లేదు. మార్కెట్లూ వ్యవసాయమూ రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చిన అంశాలు. 1966 మార్కెట్ల చట్టానికో సవరణ, 1963 విశ్వవిద్యాలయ చట్టానికో సవరణ చేస్తే చాలు. కోయిలకుంట్ల ఉన్న బనగానపల్లె నియోజకవర్గంతోపాటు నంద్యాల, ఆళ్లగడ్డ శాసనసభ్యులు ముగ్గురూ పార్టీల లెక్క పక్కనపెట్టి కలిసి ఈ ప్రతిపాదన తీసుకువెళ్లాలి. మార్కెట్ కమిటీలు తీర్మానాలు చేసి వారి చేతికివ్వాలి. వచ్చే శాసనసభ సమావేశాలకు ముందే ఆ తీర్మానాలు సిద్ధం కావాలి.