బిళ్ల మన మెడలో, పెత్తనం ఎవరి చేతిలో?

ఆడవాళ్ల రక్షణ పేరుతో తరచూ ఏదో ఒక కొత్త పరికరం మన ముందుకు వస్తోంది. మొన్న ఫోనులో యాప్, నిన్న చేతికి గడియారం, రేపు మెడలోనో జాకెట్టుకో తగిలించుకునే ఎలక్ట్రానిక్ బిళ్ల. ఆపదలో నొక్కితే చాలు, సాయం వస్తుందంటారు. వస్తే మంచిదే. కానీ ఆ బిళ్లను ఎవరు రూపొందించారు? నొక్కితే అది ఎక్కడ మోగుతుంది? నొక్కని వేళల్లో అది మన గురించి ఎవరికి ఏం చెబుతోంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరక్కుండా ఏ పరికరాన్నీ మనం ఒంటి మీద వేసుకోకూడదు.

చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం, గుర్ల మండలాల్లో ఇంటింటికీ తిరిగే ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలున్నారు. పొద్దుపోయాక రైలు దిగి ఆటో కోసం ఎదురుచూసే ఆడపిల్లలున్నారు. వాళ్లకు ఆపదలో అక్కరకొచ్చే చిన్న పరికరం అవసరమే. అయితే దాన్ని వేసుకునేవాళ్లే కూర్చుని రూపొందించుకోవాలి. దాని లోపలి గీతా రాతా అందరికీ తెరిచి ఉండాలి. గీత అంటే విద్యుత్ వలయం పటం, రాత అంటే దాన్ని నడిపే ప్రోగ్రాం. ఈ రెండింటినీ దాచకుండా, ఎవరైనా చూసుకోవడానికి, తయారు చేసుకోవడానికి, మార్చుకోవడానికి వీలుగా విడుదల చేయడాన్నే ఓపెన్ సోర్స్ అంటున్నారు. ఇది ఇంజనీర్ల గొడవ అనుకుని మనం పక్కకు తప్పుకుంటే నష్టపోయేది మనమే.

బిళ్ల ఎవరి గుర్తు?

బిళ్ల అనే మాట మనకు కొత్త కాదు. కచేరీల్లో బిళ్ల బంట్రోతు ఉండేవాడు. అతని ఛాతీ మీది ఇత్తడి బిళ్ల అతను ఎవరి మనిషో చెప్పేది. ఆడవాళ్ల ఒంటి మీద పుస్తెలు, మెట్టెలు కూడా మనం ఎవరి తాలూకో లోకానికి చెప్పడానికి పెట్టినవే. మనల్ని అడిగి ఎవరూ వాటిని రూపొందించలేదు. తీసేస్తే మాత్రం జవాబు చెప్పవలసింది మనమే. ఎలక్ట్రానిక్ బిళ్ల కూడా ఇదే వరుసలో చేరే ప్రమాదం ఉంది. ఒక్క తేడా ఏమిటంటే, పుస్తెలు మనం ఎక్కడున్నామో ఎవరికీ కబురు పంపలేవు. ఇది పంపగలదు.

నాగపూర్, చండీగఢ్, పంచకుల నగరాల్లో పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టారు. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆగారో ఆఫీసులో తెర మీద కనబడుతుంది. మరుగుదొడ్డికి వెళ్లడానికి కూడా భయపడ్డామని మహిళా కార్మికులు చెప్పారు. 2021లో హర్యానాలో ఆశా కార్యకర్తల ఫోన్లలో ఎండీఎం 360 షీల్డ్ అనే యాప్ వేయమన్నప్పుడు, ఇది మా వెంట నీడలా తిరుగుతుందని వాళ్లు ఆందోళనకు దిగారు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పంపడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే కూలి పోయింది. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో, 2025 జూలై నుంచి గర్భిణులకూ బాలింతలకూ ఇంటికిచ్చే పోషకాహారం కోసం ముఖ గుర్తింపు పెట్టారు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. తక్కువ కూలికి, తక్కువ గౌరవ వేతనానికి పనిచేసే స్త్రీలమీదే నిఘా మొదట మొదలవుతుంది. పెద్ద అధికారి మెడలో బిళ్ల వేసి ఆయన ఎన్ని గంటలకు భోజనానికి లేచాడో ఎవరూ లెక్క రాయడం లేదు.

మోగేది ఎక్కడ?

మన రాష్ట్రంలో 2020 ఫిబ్రవరిలో దిశ యాప్ వచ్చింది. కోటి మందికి పైగా దించుకున్నారని అప్పటి ప్రభుత్వం ప్రకటించుకుంది. ప్రభుత్వం మారింది. 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. వచ్చినప్పుడూ మారినప్పుడూ, ఇది ఎలా ఉండాలని ఊళ్లో ఆడవాళ్లను పిలిచి అడిగిన దాఖలా లేదు. దాని లోపలి రాత మన దగ్గర లేదు కాబట్టి, పాతదాన్ని నిలుపుకోవడానికీ కొత్తదాన్ని సరిచేసుకోవడానికీ మనకు అధికారం లేదు.

ఇలాంటి ప్రతి బటనూ చివరకు పోలీసు కంట్రోల్ రూములోనే మోగుతుంది. చాలాసార్లు అది ఉపయోగపడుతుంది, కాదనను. కానీ ఉత్తరాంధ్ర ఆడవాళ్లం వాకపల్లిని మరిచిపోగలమా? 2007 ఆగస్టు 20న అప్పటి విశాఖ జిల్లా జి.మాడుగుల మండలం వాకపల్లిలో, తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో నిందితులందరినీ వదిలేస్తూనే, దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించింది. 1978లో హైదరాబాద్ పోలీసు స్టేషన్లో రమీజాబీకి జరిగింది మన ఉద్యమాల చరిత్రలో మొదటి పాఠాల్లో ఒకటి. ఆ స్త్రీల చేతిలో బటన్ ఉండి ఉంటే అది ఎవరి బల్ల మీద మోగేది?

ఇంట్లో ప్రమాదం మరొకటి. బిళ్ల పంపే కబురు భర్త ఫోనుకో అన్న ఫోనుకో వెళితే అది రక్షణ అవుతుందా, కాపలా అవుతుందా? గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం తెచ్చుకున్నాం. కొట్టేవాడి చేతికే మన ఆచూకీ అందించే పరికరాన్ని ఎలా ఒప్పుకుంటాం? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దారి తెరిచి పెట్టింది. అందుకే చట్టం కాపాడుతుందని కూర్చోకుండా, పోగేయవలసిన సమాచారమే లేకుండా బిళ్లను రూపొందించుకోవడం మేలు.

ఆడవాళ్లకు వచ్చే పనేనా?

వలయాలు, తీగలు మన ఆడవాళ్లకు అర్థం కావని ఎవరైనా అంటే, వాళ్లను చీపురుపల్లి నుంచి శ్రీకాకుళం రోడ్డు వైపు రైలెక్కించాలి. దారిలోనే పొందూరు వస్తుంది. అక్కడ నూలు వడికే స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఏ ఎముక పళ్లు ఎంత సన్నగా ఉంటే పీచు తెగకుండా వస్తుందో వాళ్లకు తెలుసు. ఆ పనిముట్టుకు పేటెంటు లేదు. చూసి నేర్చుకున్న ప్రతి చేతికీ అది సొంతమే.

ఎలక్ట్రానిక్స్‌లోనూ ఇదే రుజువైంది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో ఆర్డుయినో అనే చిన్న బోర్డు పుట్టింది. దాని పటాలు అందరికీ తెరిచి ఉంచారు. లేయా బ్యూక్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త అదే పద్ధతిలో బట్టకు సూదీదారంతో కుట్టుకునే లిలీపాడ్ అనే బోర్డు తయారు చేసింది. 2007లో అది అమ్మకానికి వచ్చింది. కరెంటు పారే దారమే దాంట్లో తీగ. 2010లో ఆమె, బెంజమిన్ మాకో హిల్ కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు ఆర్డుయినోతో చేసిన పనుల్లో స్త్రీలు చేసినవి 2 శాతమే. లిలీపాడ్‌తో చేసినవాటిలో 65 శాతం స్త్రీలవి. ఆడవాళ్ల బుర్ర మారలేదు. పరికరం వాళ్ల చేతిపనికి దగ్గరగా వచ్చింది, అంతే.

తెలుగు నేలమీదా ఇలాంటి అనుభవం ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు సంఘం రేడియోను 2008 అక్టోబరు 15న ప్రారంభించారు. మైకు, మిక్సరు, ఎడిటింగు అన్నీ వాళ్లే నేర్చుకున్నారు. మాట్లాడే యంత్రం చేతికొచ్చాక ఏం మాట్లాడాలో కూడా వాళ్లే నిర్ణయించుకున్నారు.

మన బిళ్ల ఎలా ఉండాలి?

చీపురుపల్లిలో ఒక గదిలో చాప పరిచి, ఆశాలు, అంగన్‌వాడీలు, సంఘాల అక్కలు, పంచాయతీ పారిశుధ్య కార్మికులు కూర్చుంటే ఏం తేలుతుందో ఊహించడం కష్టం కాదు. వానలో తడిసినా పనిచేయాలి. చీకట్లో తడిమితే బటన్ దొరకాలి. చంకలో బిడ్డ ఉన్నా నెత్తిన తట్ట ఉన్నా పొరపాటున నొక్కుకుపోకూడదు. కొంగు కింద పిన్నీసుతో పెట్టుకుంటే కనబడకూడదు. పెద్దగా మోగితే ఎదుటివాడు లాక్కుంటాడు కాబట్టి, మోత కావాలా వద్దా అన్నది వేసుకున్న మనిషి ఇష్టం కావాలి. బ్యాటరీ మన బజారులో దొరకాలి, స్క్రూడ్రైవరుతో విప్పి బాగుచేసుకునేలా ఉండాలి.

నొక్కితే ముందుగా ఆమె ఎంచుకున్న నలుగురైదుగురు తోటి స్త్రీల బిళ్లలు అదరాలి. పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది ఆ తరువాతి మెట్టు, అదీ ఆమె నిర్ణయమే. ఇందుకు ఫోను సిగ్నలే ఉండాలని లేదు. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న తరంగాలను తక్కువ శక్తితో, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2005లోనే అనుమతించింది. ఆ తరంగాల మీద నడిచే చిన్న రేడియోలతో, అడ్డులేని చోట కొన్ని కిలోమీటర్ల దూరం కబురు పంపవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. తోటివాళ్ల కబురు కోసం రేడియో ఎప్పుడూ చెవి తెరుచుకుని ఉంటే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. కొన్ని క్షణాలకోసారి మాత్రమే తెరిస్తే బ్యాటరీ నిలుస్తుంది గానీ కబురు ఆలస్యమవుతుంది. రోజూ ఛార్జింగు పెట్టే వీలు ఎవరికుంది? ఎన్ని క్షణాల ఆలస్యం భరించగలం? ఇంజనీరు దీన్ని లెక్క అంటాడు. అది వేసుకునే మనిషి ప్రాణానికి సంబంధించిన నిర్ణయం. అది ఆమె లేని గదిలో జరగకూడదు.

నొక్కనప్పుడు బిళ్ల ఏ కబురూ పంపకూడదు. తిరిగిన దారి ఎక్కడా నిలవ ఉండకూడదు. ఈ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే లోపలి రాత తెరిచి ఉండాలి. విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే అమ్మాయిలు దాన్ని చదివి మనకు చెప్పగలరు. తెరిచి పెడితే దుర్మార్గుడికీ తెలుస్తుంది కదా అని కొందరంటారు. తాళం ఎలా పనిచేస్తుందో ఊరంతటికీ తెలుసు. మన ఇంటి తాళంచెవి మన బొడ్డునే ఉంటుంది.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికి ఒక మాట. నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించి, గింజలతో లెక్కలు వేయించి, ఫోటోలు తీసి, పథకం మాత్రం నగరంలో రాసుకోవడం మనం చూశాం. బిళ్ల విషయంలో అలా జరగకూడదు. రూపకల్పనకు కూర్చున్న రోజు కూలి ఇవ్వాలి. మొదటి నమూనాను వాళ్లు వద్దంటే పక్కన పెట్టగలగాలి. ఎన్ని బిళ్లలు పంచామన్న లెక్క కంటే, ఎంతమంది దాన్ని విప్పి బాగుచేయగలుగుతున్నారన్న లెక్క ముఖ్యం. తీసి పక్కన పెట్టినంత మాత్రాన ఎవరి జీతమూ కోయకూడదు.

బిళ్ల ఒక్కటే హింసను ఆపదు. 2013 చట్టం ప్రకారం పనిమీద వెళ్లిన ప్రతి చోటూ పనిస్థలమే. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఆ కమిటీ, వీధి దీపాలు, రాత్రి బస్సు, పనిచోట మరుగుదొడ్డి – వీటికోసం మన పోరాటం ఆగదు. బిళ్ల ఇచ్చాం కదా అని ఏ అధికారీ వీటిని ఎగ్గొట్టకుండా చూడడం కూడా మన పనే.

ఈసారి ఎవరైనా పెట్టె నిండా పరికరాలు తెచ్చి సంతకాలు పెట్టి తీసుకోమంటే, ఒక్కదాన్ని విప్పి చూపించమని అడగండి. విప్పనన్నవాళ్ల బిళ్ల మన మెడలోకి రాకూడదు.