మనుష్య విక్రయమునకు కొత్త ముసుగు

పుప్పాలగూడ పరిసరములందలి మేడలలో కంప్యూటరు కొలువు సంపాదింపవలెనని ఊరూర యువకులు కలలు గనుచున్నారు. కొలువు దొరకనివానికి దళారి ఆ కలనే విదేశములలో చూపుచున్నాడు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి కాంబోడియాకు గొనిపోయి, అచట నిర్బంధించి సైబరు మోసములు చేయించిన వైనమును 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిరి. 1860 మొదలు మద్రాసు రేవునుండి తెలుగు కూలీలను నెటాలు ఓడలకెక్కించినవారి మాటలును ఇట్టివే. దేశమంతయు నిరసింపగా 1917లో ఒడంబడిక కూలీల చేరిక నిలిచినది.

నేడు చట్టములు లేకపోలేదు. రాజ్యాంగము 23వ అధికరణముచే మనుష్య విక్రయమును నిషేధించినది. 2019లో జాతీయ దర్యాప్తు సంస్థకు ఈ నేరములను విచారించు అధికారము లభించినది. కాని బాధితుల రక్షణ పునరావాసములకై 2018లో లోకసభ ఆమోదించిన బిల్లు రాజ్యసభ ఆమోదము నందకయే మరుసటి యేట మురిగిపోయినది. నిలువనీడ లేని బాధితుడు సాక్ష్యము చెప్పునా? సాక్ష్యము లేనిచో దళారికి శిక్ష పడునా? అట్టి శాసనమును కేంద్రప్రభుత్వము జాగు సేయక మరల తేవలెనని మేము కోరుచున్నాము.

ఇందు ప్రజల బాధ్యతయును కలదు. విదేశీ కొలువులకు మనుష్యులను పంపు దళారి 1983 నాటి వలస చట్టము క్రింద నమోదు కావలెను. కొడుకు కొలువుకై ఎకరము అమ్ముటకు పూర్వమే ఆ పత్రమును అడిగి చూడుడు. తప్పించుకొని వచ్చినవానిని దోషిగా జూడక, వానిచే దళారి పేరు చెప్పించుడు.