పూస వెనుక చేయి



నల్లపూసల దారము తెగి పూసలు నేలపాలైన దినమున, వాని నేఱి మరల గ్రుచ్చుట యెంత యోర్పు పనియో మీ రెఱుగుదురు. దీపము చెంత గూర్చుండి సూదిమొన కొక్కొక్క పూస నందించుచుండగా, సగము పేరైనను నిండకమునుపే మెడనొప్పి పుట్టును. ఇంత చిన్న పూసను చేసిన దెవరో, తొలుత దారమున కెక్కించిన దెవరో యని మాత్రము మన మెన్నడు నడుగము. ఈ మాసమున నా ప్రశ్ననే విచారింతము.

ఇటలీ దేశమున వెనీసు నగరమునకు జేరువను మురానో యను ద్వీపము కలదు. గాజుకొలుముల వలన నగరమున కగ్నిభయము కలదని తలచి, 1291వ సంవత్సరమున వెనీసు ప్రభుత్వము వాని నా ద్వీపమునకు దరలింప నాజ్ఞాపించెను. నాటినుండి నేటిదాక గాజుపనికి మురానో పెట్టినది పేరు. కొలిమిపని యచ్చట పురుషుల సొత్తు. అయినను ఆంజెలో బరోవియర్ అను గొప్ప పనివాని కుమార్తె మరియెట్టా, తనకై యొక చిన్న కొలిమి నుంచుకొనుటకు 1487లో వెనీసు ప్రభువు వలన ననుమతి బడసెను. పొరలు పొరలుగా రంగులు నిలిచి లోపల నక్షత్రము వలె గనబడు 'రొసెట్టా' పూసను కల్పించిన దామెయే యని చెప్పుదురు.

ఆమెవలె పేరు నిలిచిన స్త్రీ లరుదు. పేరు లేనివారు మాత్రము వేలకొలది. కొందఱు దీపజ్వాలపై గాజుకడ్డీని గరగించి లోహపు తీగకు జుట్టి పూసలు చేసిరి. మఱికొందఱు వానిని గ్రుచ్చిరి. వీరిని వెనీసువారు 'ఇంపిరారెస్సె' యందురు. ఒడిలోని కొయ్యపళ్లెమున బూసలు పోసికొని, విసనకఱ్ఱవలె బఱచి పట్టిన పెక్కు పొడుగు సూదుల నా రాశిలోనికి ద్రోయుచు, ఒక్కమాఱే యనేక పూసల నెక్కించెడివారు. వాకిళ్లలో గుర్చీలు వైచికొని, ఆడుకొను బిడ్డల నొక కంట గనిపెట్టుచు నీ పని సాగించిరి. ఆ పూసలు సముద్రములు దాటి ఆఫ్రికా, అమెరికా ఖండములకు బోయెను. గ్రుచ్చినవారికి దక్కినది చాలీచాలని కూలి. 1904లో వారు సమ్మె చేసిరి.

కాలము కొంత మాఱినది. 2020లో యునెస్కో సంస్థ, ఇటలీ ఫ్రాన్సు దేశముల గాజుపూసల కళను మానవజాతి వారసత్వముల పట్టికలో జేర్చినది. మురానోలో గాజుపనివారి యింట బుట్టిన మరీనా, సుసన్నా సెంట్ అను నక్కచెల్లెండ్రు 1993లో దమ పేరనే పనిశాల నెలకొల్పిరి. సబ్బుబుడగల బోలు గాజుగోళముల హారములు వారికి గీర్తి దెచ్చినవి. వారి నగలు ప్రదర్శనశాలలలో నిలిచినప్పుడు ప్రక్కను వారి పేరుండును. వాకిట గూర్చుండి గ్రుచ్చిన ముత్తవ్వల కీ భాగ్యము లేకపోయెను.

మన భాషలో 'గాజు' అనిన నా పదార్థమును, చేతి సొమ్మును గూడ నగును. కావున నీ కథ మన ముంజేతివఱకు వచ్చును. మనము తొడుగు గాజులలో ననేకము ఉత్తరప్రదేశమందలి ఫిరోజాబాదునుండి వచ్చును. చుట్టు కోసిన గాజు కొనలను మంటపై నతుకు పని యచ్చట నిండ్లలో జరుగును, స్త్రీలును చేయుదురు. హైదరాబాదు లాడ్ బజారు లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక లభించినది. లక్కపై గాజురాళ్లు పొదుగుటయు చేతిపనియే. సూచిక యూరి పేరు చెప్పును, సంతోషమే. చేసిన చేతి పేరు చెప్పదు.

గాజుల దుకాణమున నేనును బేరమాడుదానినే. డజనుకు బది రూపాయలు తగ్గించి గెలిచితి నని యింటికి వచ్చుదానిని. ఆ పది రూపాయ లెవరి కూలినుండి తగ్గునో నాడు తలపలేదు. ఇకమీద తయారుచేయువారే యమ్మునప్పుడు బేరము మాని, "అమ్మా, ఇవి యెవరు చేసిరి? నీ పేరేమి?" యని యడుగుదము. ఇంటికి వచ్చి గాజులు తొడుగునప్పు డా పేరు మన బిడ్డలకు జెప్పుదము. దీనికి ఖర్చు లేదు. తొడిగిన గాజు మాత్రము మునుపటి గాజు కాదు.