ముసలవ్వ ఓటు ఎవడబ్బ సొత్తు?

2023 నవంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలకు పది రోజుల ముందు సంగతి. బల్కంపేట వెనక సందుల్లో ఒక ఇంటి అరుగు మీద మన సంఘం పిల్లలు ఓటరు జాబితా పరుచుకొని కూర్చున్నారు. కొన్ని పేర్లకు టిక్కు పెడుతున్నారు, కొన్ని కొట్టేస్తున్నారు. కొన్ని పేర్ల పక్కన మాత్రం ప్రశ్న గుర్తు. ఎవరివా పేర్లని చూస్తే అన్నీ అరవై దాటినోళ్ళవే. "ముసలోళ్ళు సార్, ఎటూ తేల్చరు. ఆ సంగతి మాకిడిసిపెట్టుండ్రి. ఆ రోజు ఆటోల తోల్కపోయి బటన్ నొక్కిపిస్తం" అన్నాడొక తమ్ముడు. గడప కాడ బియ్యం ఏరుతున్న పెద్దమ్మ తలెత్తింది. "నా వేలు నీ కాడున్నదా కొడుకా?" అన్నది.

పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ తమ్ముడి మాట ఒకప్పుడు మేమూ అన్నదే.

ముందే ఒక మాట చెప్పాలి. మేము సర్కారు బడి పంతుళ్ళం. ఏ గుర్తుకు ఓటెయ్యమనీ చెప్పకూడదు. ఇక్కడా చెప్పబోవటం లేదు. ఈ నియమం మా నోరు కట్టేసిందని చాలా ఏండ్లు బాధపడ్డాం. ఇప్పుడంత బాధ లేదు. గుర్తు చెప్పేటోళ్ళకు మన బస్తీల్లో కరువెప్పుడొచ్చింది? కొడుకు చెప్తాడు, కోడలు చెప్తుంది, బస్తీ లీడరు చెప్తాడు, రాత్రి పదకొండింటికి కవరు తెచ్చినోడు చెప్తాడు. ఆ ముసలి మనిషిని కూర్చోబెట్టి "నీకేమనిపిస్తున్నది?" అని అడిగినోడు మాత్రం మాకింతవరకు కనబడలేదు.

ఎటూ తేల్చని మనిషంటే తెలివి లేని మనిషని మనకొక లెక్క. అయ్యా, ఆ పెద్దమ్మ ఏం చూసి ఆగిందో ఒక్కసారి చూడండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, ఆమె తిన్నది. 200 ఉన్న పింఛన్ 2014లో వెయ్యి అయింది, 2019లో 2016 అయింది, ఆమె తీసుకున్నది. 2023 ఎన్నికల్లో ఒకరు 4000 అన్నారు, ఇంకొకరు మెల్లమెల్లగా 5016 దాకా తీసుకపోతమన్నారు. 4000 అన్నోళ్ళు గెలిచారు. గద్దెనెక్కి ఏడాది నిండినా ఆమె చేతిలో పడ్డది పాత 2016 రూపాయలే. 2020 అక్టోబర్‌లో వరదలొచ్చి హైదరాబాద్ బస్తీలు మునిగితే ఇంటికి పదివేలన్నారు. ముసలోళ్ళు మీ సేవ కేంద్రాల ముందు పొద్దంతా నిలబడ్డారు. కార్పొరేషన్ ఎన్నికల కోడ్ వచ్చిందని నవంబర్ 18న ఆపేశారు. ఇన్ని చూసిన మనిషి వెంటనే "ఫలానా గుర్తు" అంటేనే ఆశ్చర్యపోవాలి. ఆమె తడబాటులో నలభై ఏండ్ల లెక్క ఉన్నది. ఆ లెక్క మన పిల్లలు ముందేసుకున్న జాబితాలో లేదు.

పంజాగుట్టవాళ్ళకు ఇంకొక లెక్క కూడా ఉన్నది. 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ పోలింగు. చౌరస్తాలో నిలబెట్టిన బాబాసాహెబ్ విగ్రహాన్ని అనుమతి లేదంటూ 13వ తేదీ తెల్లవారుజామున పెకిలించారు. ఓట్లు పెట్టెలో పడి రెండు రోజులే అయింది. మరునాడు జయంతి. విగ్రహం లారీలో జవహర్‌నగర్ చెత్త డంపుకు చేరింది, విరిగింది. ఊరి చెత్త ఎత్తి ఎత్తి నడుములు పోయిన మనవాళ్ళకు ఆ లారీ ఏమిటో, ఆ డంపు ఏమిటో ఒకరు చెప్పనక్కర లేదు. నాలుగేండ్లకు, 2023 ఏప్రిల్ 14న, హుస్సేన్ సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. సచివాలయానికి ఆయన పేరే పెట్టారు. మంచిదే, ఎవరు కాదన్నారు? కాని పంజాగుట్ట ముసలాయన ఒకడు మమ్మల్నడిగిన ప్రశ్నకు మేము నీళ్ళు నమిలాం. "సారూ, చిన్న విగ్రహానికి జాగ లేదన్నరు, గంత పెద్దదానికి యాడికెళ్ళి దొరికింది?" అదే ఏడు చివర్లో ఎన్నికలున్నాయని ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడు.

సరే, గుర్తును నమ్మి వేద్దామంటే గుర్తయినా నిలుస్తున్నదా? అమీర్‌పేట సనత్‌నగర్ నియోజకవర్గంలో ఉన్నది. 2014లో అక్కడ సైకిల్ గుర్తు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ ఆ డిసెంబర్‌కల్లా కారు పార్టీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. అటుపక్క ఖైరతాబాద్‌లో 2023లో కారు గుర్తు మీద గెలిచిన దానం నాగేందర్ నాలుగు నెలలు తిరక్కముందే చేయి పార్టీలోకి పోయి, ఎమ్మెల్యేగా ఉండగానే సికింద్రాబాద్ లోక్‌సభకు చేయి గుర్తు మీద నిలబడ్డారు. ఆ ఫిరాయింపుల పంచాయితీ సుప్రీంకోర్టు దాకా నడిచింది. రోడ్డుకు ఇటు ఒకటి, అటు ఒకటి. కారు వద్దని సైకిలెక్కినోడూ కారులోనే దిగాడు, చేయి వద్దని కారెక్కినోడూ చేతి దగ్గరే దిగాడు.

మన నీలి జెండా సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకుందాం. చుండూరు రక్తం ఆరకముందే 1994లో కాన్షీరాం రాష్ట్రమంతా తిరిగారు. బస్తీల్లో గోడలన్నీ ఏనుగులే. ఒక్క సీటు రాలేదు. అయినా మన పెద్దలు కొందరు ఆ ఏనుగునే పట్టుకొని ఉన్నారు. 2014లో తెలంగాణలో ఏనుగు గుర్తు మీద ఇద్దరు గెలిచారు, నిర్మల్‌లో ఇంద్రకరణ్ రెడ్డి, సిర్పూర్‌లో కోనేరు కోనప్ప. ఇద్దరూ అధికార పార్టీలో కలిసిపోయారు. 2023లో ఆ పార్టీకి రాష్ట్ర అధ్యక్షుడిగా సిర్పూర్‌లో నిలబడి ఓడిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2024లో కారు పార్టీలో చేరారు. ఈ మాటలు రాస్తే మనవాళ్ళు కొందరికి కోపమొస్తుందని తెలుసు. రానివ్వండి. ఆ గుర్తును ఇరవై ఏండ్లు మోసిన ముసలాయన కోపం కంటే ఇది పెద్దది కాదు.

ఇక మా తప్పు చెప్తాం. 2004లో కొలువు ఇంకా రాలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం. మా తాత అంతవరకు ఊరి పటేలును అడిగి ఓటేసేవాడు. అడగకపోతే మరుసటి రోజు పని ఉండేది కాదు. ఆ ఏడు మాత్రం పటేలు ఇంటికి పోలేదు. మా ముందుకొచ్చి గోచి సర్దుకొని కూర్చొని, "సదువుకున్నోడివి, నువ్వు జెప్పు బిడ్డా, దేనికెయ్యాలె?" అన్నాడు. మా ఛాతీ ఉబ్బింది. కాగితం మీద గుర్తు బొమ్మ గీసి చేతిలో పెట్టాం. ఎందుకని ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. ఆ మనిషి గెలిచాడు, ఐదేండ్లు నిండకముందే కండువా మార్చాడు. తాత ఒక్కటే మాటన్నాడు: "పటేలు జెప్పినోడు గూడ గిట్లనే జేసిండు గదరా." అంతే, మళ్ళీ ఆ ముచ్చట ఎత్తలేదు. కాని మాకు ఆనాడే అర్థమైంది. ఆయన పటేలు గడప దాటి వచ్చాడు, మేము ఆ గడప తెచ్చి మా ఇంటి ముందు పెట్టుకున్నాం. చదువు కూడా దొరతనం చేస్తుంది తమ్ముళ్ళారా, ఇంటివాడి నోటితో చేస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

నిజాం రాజ్యంలో మన తాతల తండ్రులకు ఓటన్నదే లేదు. అంటరానివాళ్ళకు ఓటుండాలని బాబాసాహెబ్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందు వాదించారు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటుండాలని 1928లో సైమన్ కమిషన్ ముందు అడిగారు. చదువుకున్నోళ్ళకే, పన్ను కట్టేటోళ్ళకే ఓటనే కాలమది. ఆస్తి లేనోడికి, అక్షరం రానోడికి సొంత బుద్ధి ఉంటుందని నమ్మినందుకే ఆయన అడగగలిగారు. ఆ నమ్మకం మన సంఘం పిల్లలకు లేకపోతే ఎట్లా?

"మరి మనం చెప్పకుంటే అగ్రకుల పార్టీలు చెప్తాయి కదా సార్" అంటారు. చెప్పొద్దని ఎవరన్నారు? ఐదేండ్లూ చెప్పండి, వాదించండి, పెద్దమ్మతో కొట్లాడండి, ఆమె తిడితే పడండి. ఐదేండ్లు మొహం చూపకుండా చివరి పది రోజులు జాబితా పట్టుకొని పోవటం చూస్తేనే మాకు మంట. ఆ పది రోజుల్లో చెయ్యాల్సిన పని వేరే ఉన్నది. నామినేషన్ వేసిన ప్రతి మనిషీ అఫిడవిట్ ఇస్తాడు. ఆస్తులెన్ని, అప్పులెన్ని, సర్కారుకు బాకీ ఎంత, మీద కేసులేమిటి, అన్నీ అందులో రాయాలి. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పులతో వచ్చిన హక్కిది. రిటర్నింగ్ ఆఫీసరు కార్యాలయంలో అంటిస్తారు, ఫోన్‌లోనూ దొరుకుతుంది. అది పెద్దమ్మ ముందు కూర్చొని చదవండి. మనకు నచ్చినోడిదీ చదవండి, నచ్చనోడిదీ చదవండి. పోయినసారి ఏ పార్టీలో ఉన్నాడో చెప్పండి. తర్వాత నోరు మూసుకొని ఆమె చెప్పేది వినండి. బోరింగు ఎవరేయించారో, పింఛన్ కాగితం మీద ఎవరు సంతకం పెట్టించారో, బొందలగడ్డ జాగ గుంజుకుంటుంటే ఎవరడ్డమొచ్చారో ఆమెకే తెలుసు.

"ఉప్పు తిన్నం బిడ్డా" అనే మాట దగ్గర మాత్రం ఆగి కొట్లాడాలి. పింఛన్ ఎవడింటి ఉప్పూ కాదు. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా ఆమె కట్టిన పన్ను అందులో ఉన్నది. ఓటేయకుంటే పింఛన్ తీసేస్తామని బెదిరించేటోడు అబద్ధమాడుతున్నాడు. నోట్లిచ్చి ఎల్లమ్మ పటం మీద ఒట్టు పెట్టించుకునేటోడికి చట్టం ప్రకారం శిక్ష ఉన్నది. తీసుకోవటం కూడా నేరమే, అది కూడా దాచకుండా చెప్పండి. కాని బెదిరించి పెట్టించిన ఒట్టు తప్పినందుకు ఎల్లమ్మ తల్లి శాపమిస్తుందని మేము అనుకోం. ఆమె మన తల్లే కదా.

గెలవనోళ్ళకేస్తే ఓటు ఖరాబైతదని ముసలోళ్ళ భయం. 1952లో బొంబాయిలో బాబాసాహెబే ఓడిపోయారు. ఆనాడు ఆయనకు పడ్డ ఓట్లు ఖరాబైనవా? ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా ఉన్నది. కాని అది ఎవరినీ ఓడించదు. మిగతావాళ్ళలో ఎవరికెక్కువొస్తే వాళ్ళే గెలుస్తారు. ఆ సంగతి తెలిసి నొక్కితే నొక్కనివ్వండి. హైదరాబాద్ జిల్లాలో 15 స్థానాలుంటే ఎస్సీలకు రిజర్వు ఒక్క సికింద్రాబాద్ కంటోన్మెంటే. అమీర్‌పేటలో, పంజాగుట్టలో మనవాణ్ణి పెద్ద పార్టీ నిలబెట్టే రోజు కోసం కూర్చుంటే ఈ పెద్దల వయసు అయిపోతుంది. ఉన్నవాళ్ళలోనే ఎంచుకోవాలి, కష్టమంతా అక్కడే.

ఎన్నికల డ్యూటీల్లో మేము చూసింది కూడా రాయాలి. ఒక బూత్‌లో ఒకే కుర్రాడు చూపు మందగించిన ముసలోళ్ళను ఒక్కొక్కరిగా పట్టుకొస్తున్నాడు. ఒక అవ్వను లోపలికి తీసుకపోయాడు, సరే. ఇంకొక తాతతో వచ్చాడు. నియమం చూపించి ఆపితే మా మీదికి లేచాడు. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-ఎన్ అనేదొకటున్నది. కళ్ళు కనబడక, ఒంట్లో శక్తి లేక సొంతంగా వెయ్యలేని మనిషి పద్దెనిమిదేండ్లు నిండిన తోడును తెచ్చుకోవచ్చు. కాని ఒక తోడు ఆ రోజు ఒక్క మనిషికే. చదువు రాదన్నంత మాత్రాన తోడు అక్కర లేదు, గుర్తు బొమ్మ కనబడితే చాలు. మన పిల్లలైనా సరే, రెండో ముసలాయన చెయ్యి పట్టుకొని లోపలికొస్తే అడ్డుకోండి. ఇంటి దగ్గర ఓటు సంగతి ఇంకా కష్టం. 2023లో ఎనభై దాటినోళ్ళకిచ్చారు, 2024 నుంచి ఎనభై అయిదు చేశారు. అధికారులు ఇంటికొస్తారు, అట్ట అడ్డం పెడతారు. అప్పుడు కొడుకు మంచం పక్కనే నిలబడి ఉంటాడు, చూపు అట్ట మీదే. కొడుకును బయటికి పంపమని అడిగే హక్కు ఆ తల్లికున్నదని ముందే ఆమెకు చెప్పాలి, కొడుకుకూ చెప్పాలి.

ఎవరికేశామో తెలిసిపోతదనేది ఇంకొక భయం. లెక్క బూత్‌ల వారీగా పెడతారు. కాబట్టి మన బస్తీ ఎటు మొగ్గిందో లీడర్లకు తెలుస్తుంది, అది నిజమే. కాని ఏ మనిషి ఎటేశాడో ఎవడికీ తెలియదు. వీవీప్యాట్ అద్దంలో ఏడు సెకన్లు కనబడే చీటీ మీద గుర్తుంటుంది, మన పేరుండదు. ఆమెకొక్కదానికే కనబడి డబ్బాలో పడిపోతుంది.

బల్కంపేట పెద్దమ్మ దగ్గరికి మరునాడు మళ్ళీ పోయాం. ఆ తమ్ముడే అఫిడవిట్లు చదివాడు, గంటన్నర పట్టింది. ఒకాయన ఆస్తి చదివినప్పుడు "మళ్ళ సదువు" అన్నది. ఇంకొకాయన కేసులు చదివినప్పుడు "అండ్ల కొట్లాట కేసులెన్ని, మందికోసం పెట్టుకున్నయెన్ని?" అని అడిగింది. తమ్ముడు బిత్తరపోయాడు, అట్లా విడదీసి చూడాలని మాకూ తోచలేదు. నవంబర్ 30న హైదరాబాద్‌లో సగం మంది కూడా ఓటుకు రాలేదు. పెద్దమ్మ మాత్రం పొద్దున్నే వరసలో నిలబడి వచ్చింది. సిరా వేలు చూసి తమ్ముడు ఆగలేక అడిగాడు, "ఎవరికేసినవే పెద్దమ్మా?"

"నీకెందుకురా? నా పింఛన్ కాయితం రెండు నెలలకెళ్ళి ఆఫీసుల పడున్నది, పోయి అది జూడు" అన్నది.