చంపండి గానీ, పుట్టలేదనకండి!

కథలో మనిషిని చంపే హక్కు రచయితకి ఉంది. ఈ మాట నేను కాదంటే ముందు నా పాఠకులే నవ్వుతారు. "ఆ పిల్లని ఎందుకు చంపారండీ, మీకు చేతులెలా వచ్చాయండీ?" అని వాళ్లు రాసిన ఉత్తరాలు ఇంకా నా బీరువాలో ఉన్నాయి. వస్తాయండీ! కథ అడిగినప్పుడు రావాలి కూడా. కానీ చంపిన మనిషి గురించి, "అసలావిడ పుట్టనే లేదు" అనే హక్కు మాత్రం ఏ రచయితకీ, ఏ ప్రచురణకర్తకీ లేదంటాను నేను.

ఇంత కోపం ఎవరిమీద అంటారా? అమెరికా వాళ్ల సూపర్ హీరోల బొమ్మల కథలమీద. నవ్వకండి. 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అని 360 పైచిలుకు పేజీల సంపుటం ఒకటుంది. డి.సి. కామిక్స్ వారు 1985-86లో 12 సంచికలుగా వేసి, 1998లో గట్టి అట్టతో ఒక్కచోట కట్టారు. కథ మార్వ్ వుల్ఫ్‌మన్‌ది, బొమ్మలు జార్జ్ పెరెజ్‌వి. ఆయన చెయ్యి సామాన్యమైంది కాదు. ఒక్కొక్క పేజీలో జనమే జనం. తీర్థంలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతుక్కున్నట్టు మనకి తెలిసిన మొహాన్ని వెతుక్కోవాలి.

ఇంత జాతర ఎందుకు పెట్టారో చెబుతాను. 1961లో ఒక ఫ్లాష్ కథలో, మన భూమి లాంటిదే ఇంకో భూమి ఉందన్నారు. తరవాత మూడోది, నాలుగోది. అక్కడొక సూపర్ మాన్, ఇక్కడొక సూపర్ మాన్. కొత్తగా చదివేవాడికి తలా తోకా అందదని బెంగపడి, భూముల్ని వరసగా నాశనం చేసి, మిగిలిన అయిదింటినీ కలిపి ఒక్కటి చేశారు. సర్దుకోవడం తప్పని నేననను. ఇల్లన్నాక బూజు దులుపుకోవాలి గదా! కాకపోతే, దులిపినప్పుడు వాళ్లు దేన్ని వీధిలో పారేశారో చూస్తే ఇంటివాళ్ల మనసేమిటో తెలిసిపోతుంది.

ఏడో సంచికకి రండి. సూపర్ గర్ల్, అసలు పేరు కారా. సూపర్ మాన్‌కి బాబాయి కూతురు, వరసకి చెల్లెలు. 1959 నుంచీ ఆ కథల్లో ఉన్న పిల్ల. లోకాల్ని మింగేస్తున్న శత్రువు చేతిలో అన్నగారు దెబ్బతిని పడిపోతే, తనే వాడిమీద విరుచుకుపడుతుంది. వాడి కవచం బద్దలయ్యేదాకా కొడుతుంది. తల తిప్పిన ఒక్క క్షణంలో దెబ్బ తిని, అన్నగారి చేతుల్లో ప్రాణం వదిలేస్తుంది. చెల్లెల్ని ఎత్తుకుని సూపర్ మాన్ ఏడుస్తున్న ఆ అట్టబొమ్మ బాగా పేరుపొందింది. ఇంతవరకూ నాకు పేచీ లేదు. గొప్ప చావు. రాసినవాడికి నమస్కారం.

ఎనిమిదో సంచికలో ఫ్లాష్, అంటే బారీ ఆలెన్, అదే శత్రువు ఆయుధాన్ని నాశనం చేస్తూ పోయాడు. ఆయన పేరూ, ఆ దుస్తులూ ఆయన భార్యకి మేనల్లుడైన వాలీ వెస్ట్ అందుకున్నాడు. తరవాతి కథల్లో "బారీ అంతటివాడు, ఇంతటివాడు" అని తలుచుకోవడమే. మగవాడి చావు వంశానికి ఆస్తి అయింది.

మరి కారా? సూపర్ మాన్ తన గ్రహం నుంచి బయటపడ్డ ఒకే ఒక్కడుగా ఉండాలని పైవాళ్లు తీర్మానించారు. 1986లో జాన్ బర్న్ కొత్తగా రాసిన సూపర్ మాన్ చరిత్రలో ఆ చెల్లెలు లేదు. చచ్చిపోయిందని కాదు, లేనే లేదు. గుండెలు బాదుకున్న అన్నగారికే జ్ఞాపకం లేదు. తద్దినం పెట్టేవాళ్లు లేకపోవడం వేరు, తద్దినం పెట్టవలసిన మనిషి ఒకతె ఉండేదన్న సంగతే లేకపోవడం వేరు!

"వ్యాపారమండీ. 1984లో ఆవిడ సినిమా దెబ్బతింది, ఆవిడ పత్రికా ఆ ఏడే ఆగిపోయింది" అంటారు. సరే, పత్రిక ఆపండి. సినిమా పోతే కథలో పిల్ల పుట్టుకనే కొట్టేస్తారా? "2004లో మళ్లీ తెచ్చారుగా" అనే పెద్దమనుషులూ ఉన్నారు. తెచ్చారు. అప్పుడే ఆకాశం నుంచి ఊడిపడ్డ కొత్త పిల్లగా తెచ్చారు. ఆ 26 ఏళ్ల బతుకూ, ఆ త్యాగమూ ఈ పిల్లవి కావు. ఖాతా మూసేసి, అదే పేరుతో సున్నా నుంచి ఇంకో ఖాతా తెరిస్తే బాకీ తీరినట్టా?

ఇక, "బొమ్మల కథకి ఇంత రాద్ధాంతమా?" అనేవారికి ఒక్క మాట. మన ఇళ్లలో వంశవృక్షాలు తీసి చూడండి. కొమ్మకొమ్మకీ మగ పేర్లే. ఆ కొమ్మల్ని కనిపెంచినవాళ్ల పేర్లు ఎన్నింట్లో ఉన్నాయి? అక్కడా ఎవరూ పగబట్టి కొట్టెయ్యలేదు. లెక్క తేలిగ్గా ఉంటుందని వదిలేశారు, అంతే. రామాయణం ఊర్మిళని పట్టించుకోకపోతే మన ఆడవాళ్లు ఊరుకోలేదు. ఊర్మిళాదేవి నిద్ర అని పాటే కట్టుకున్నారు.

కారాకీ అలాంటివాడు ఒకడు దొరికాడు లెండి. 1989లో ఆలన్ బ్రెన్నర్ట్ అనే రచయిత ఒక చిన్న క్రిస్మస్ కథ రాశాడు. తను చేసే మేలు ఎవరికీ తెలియడం లేదని కుమిలిపోతున్న ఒక దయ్యం దగ్గరికి ఎవరో అమ్మాయి వచ్చి, మెప్పు కోసమా మనం మేలు చేసేది అని బుద్ధి చెబుతుంది. వెళ్తూ వెళ్తూ తన పేరు చెబుతుంది. కారా అని. లావుపాటి సంపుటం చెయ్యలేని న్యాయం ఆ చిన్న కథ చేసింది.

సంపుటం చివరి పేజీలో పిచ్చాసుపత్రిలో చేతులు కట్టేసిన ఒక మనిషి కూర్చుని, మాయమైన లోకాలన్నీ తనకి జ్ఞాపకం ఉన్నాయంటూ మాట్లాడుతుంటాడు. జ్ఞాపకం పెట్టుకున్నవాడు పిచ్చివాడట! అదే పిచ్చి అయితే పాఠకులందరికీ పట్టాలని కోరుకుంటాను. కారా అని ఒక పిల్ల ఉండేది. 1985లో, లోకాల కోసం పోయింది.