కారా, బస్సా? వనపర్తి రూట్‌లో నా లెక్క ఇదీ

"సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్నవ్, ఇంకా బస్సులనే వస్తవా?" నేను ఇంటికి వెళ్లిన ప్రతిసారీ నాన్న అడిగే మాట ఇది. 20 వేల ఫోన్ కొనాలంటే పది రివ్యూలు చూసే మనం, 8 లక్షల కారు విషయంలో మాత్రం పక్కింటివాళ్లు ఏమనుకుంటారో చూసి డిసైడ్ అయిపోతాం. నేను అలా చేయదలుచుకోలేదు. స్ప్రెడ్‌షీట్ ఓపెన్ చేశాను.

ముందు నా యూసేజ్ చెప్తాను. ఉద్యోగం హైదరాబాద్‌లో. రాయదుర్గం వరకు మెట్రోలో వెళ్తాను కాబట్టి రోజువారీ ఆఫీసుకి కారు అక్కర్లేదు. నెలకి రెండుసార్లు వనపర్తి. రానుపోను సుమారు 300 కి.మీ., అంటే నెలకి 600.

ఇక కారు స్పెక్ షీట్. ఆన్‌రోడ్ 8 లక్షలు అనుకుందాం. 1.6 లక్షలు చేతి నుంచి కట్టి, మిగతాది 9.5 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ. 10,500. ఇన్సూరెన్స్, సర్వీస్ కలిపి నెలకి రూ. 2,500, పార్కింగ్ రూ. 1,500. బండి కదలకుండానే రూ. 14,500 అయిపోయింది. 600 కి.మీ.కి 40 లీటర్ల పెట్రోల్, లీటరు రూ. 107 చొప్పున రూ. 4,280. టోల్‌కి ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ 2025లో రూ. 3,000 ఉండేది, ఆ లెక్కన నెలకి 250. మొత్తం దాదాపు రూ. 19,000. కిలోమీటరుకి 32 రూపాయలు!

బస్సు, ఆటో, మెట్రో అన్నీ కలిపి నాకు రెండు ట్రిప్పులకి రూ. 1,600 మించదు. అమ్మ నాతో వస్తే మహాలక్ష్మి పథకం కింద ఎక్స్‌ప్రెస్‌లో ఆమెకి టికెట్టే లేదు.

"ఈవీ తీస్కో, 2026 డిసెంబర్ దాకా తెలంగాణలో రోడ్ ట్యాక్స్ లేదు" అన్నాడు ఆఫీసులో ఒకడు. నిజమే, పెట్రోల్ ఖర్చు కూడా తగ్గుతుంది. కానీ నా కేసులో అసలు బరువు పెట్రోల్ కాదు, కదలకుండా నిలబడినా పడే ఆ 14,500. నెలలో 12 గంటలు నడిచి, మిగతా టైమంతా స్టాండ్‌బైలో బ్యాటరీ తాగే ఫోన్ ఎవరైనా కొంటారా?

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ నా షీట్‌లో లేని కాలమ్ ఒకటుంది: చివరి 20 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి కొత్తకోట దాకా 44వ నంబర్ హైవే మీద ఎప్పుడూ ఏదో ఒక బస్సు దొరుకుతుంది. అక్కడి నుంచి వనపర్తికి, రాత్రయితే దేవుడే దిక్కు. రైలు సంగతి ఇంకా విచిత్రం. స్టేషన్ పేరు వనపర్తి రోడ్, ఉన్నది మదనాపురంలో!

పోయినేడాది ఒక రాత్రి తొమ్మిదిన్నరకి కొత్తకోటలో దిగాను. అమ్మ ఫోన్: నాన్నకి ఆయాసం ఎక్కువైందని. ఆటో లేదు, బస్సు లేదు. నలభై నిమిషాలు రోడ్డు పక్కన నిలబడి, చివరికి కూరగాయల బొలెరో వెనకాల కూర్చుని వెళ్లాను. అప్పటికే పక్కింటి అన్న తన కారులో నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నాన్న కోలుకున్నారు. నేను మాత్రం ఆ వారమంతా కార్ల రివ్యూలే చూశాను.

తర్వాత తట్టింది. నాకు కారు ఉండి ఉంటే ఆ టైమ్‌లో అది ఎక్కడ ఉండేది? నాతోపాటు కొత్తకోటలో. మామూలు రోజైతే హైదరాబాద్ పార్కింగ్‌లో. నేను ఓ ముప్పై నిమిషాలు ముందు చేరేవాణ్నేమో, కానీ నాన్నకి కావాల్సిన బండి వనపర్తిలో ఉండాలి. అది పక్కింట్లో ఉంది కాబట్టి సరిపోయింది.

అందుకే వేరే పని చేశాను. ఊళ్లో ఇద్దరు టాక్సీ డ్రైవర్లతో మాట్లాడి, రాత్రి ఎప్పుడు పిలిచినా వచ్చేలా ఒప్పించాను. వాళ్ల నంబర్లు, 108 అమ్మ ఫోన్‌లో స్పీడ్ డయల్‌లో పెట్టాను. లేటయితే నేనూ కొత్తకోటకి వాళ్లనే రమ్మంటాను. నెలకి మూడుసార్లు 5 వేల టాక్సీ ఎక్కినా కారు కంటే తక్కువే.

అందరికీ ఇదే తీర్పు అని చెప్పను. మా గద్వాల ఫ్రెండ్‌కి కారు అస్సలు అక్కర్లేదు. కాచిగూడలో రైలెక్కితే సొంతూళ్లోనే జంక్షన్. నాగర్‌కర్నూల్ వాడి కథ వేరు. ఆ ఊరికి రైలే లేదు, పైగా భార్య, చంటిపాప, రెండు బ్యాగులు. వాడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, కరెక్ట్ పని చేశాడు. ఇంట్లో నలుగురున్నా, రోజూ నడిపే అవసరమున్నా కొనండి. నాలాగా ఒంటరిగా నెలకి రెండుసార్లు ఊరెళ్లేవాళ్లు స్కిప్ చేయండి.

నాన్న ఇంకా అడుగుతూనే ఉన్నారు. పోయిన నెల షీట్ చూపించా. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, "మరి పెండ్లయినంక?" అన్నారు. అప్పుడు కొత్త షీట్ వేద్దామన్నా.